కితె, కిత్తె: పరాయి మాటకి మన నోరు

హోస్ట్: నమస్కారమండి, శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాం. మీకిష్టమైన విదేశీ మాటలు పంపమంటే శ్రోతలు జపనీసు, కొరియన్, అరబ్బీ బాగా పంపారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాశారు మాస్టారూ.

మాస్టారు: సగం అక్కడే చెడుతోందమ్మా. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఏదో, ఒత్తు ఏదో తెలిసి చావదు. తెలుగులో రాసుకుంటే కళ్ళకి కనపడుతుంది. జపనీసులో ఒబసన్ అంటే అత్తో, పిన్నో. ఒబాసన్ అంటే అమ్మమ్మ. నలభై ఏళ్ళావిడని పట్టుకుని దీర్ఘం తీశామనుకో, ఇక అంతే.

హోస్ట్: (నవ్వు) మరి ఒత్తు తప్పితే ఏటవుద్ది?

మాస్టారు: కితె కుదసాయ్ అంటే రండి అని. కిత్తె కుదసాయ్ అంటే కొయ్యండి అని! మనకి కల వేరు, కల్ల వేరు అని చిన్నప్పట్నుంచీ తెలుసు కాబట్టి ఇది కష్టం కాదు. ఇంగ్లీషు మీదుగా నేర్చుకున్నవాళ్ళే తడబడతారు. వాళ్ళే 'టె' అని కూడా అంటారు. అలగనకూడదు, అది తాటిచెట్టులో త. ఇంకోటి, ధన్యవాదాలు చెప్పేటప్పుడు అరిగతో గొజాయ్‌మసు అని చివరి ఉకారం లాగొద్దు, 'మస్' దగ్గర ఆపేయండి.

హోస్ట్: సునామీ మొదట్లో వాళ్ళనేది 'త్సు' కదా, అదెలగ?

మాస్టారు: మన చుట్ట, చాప ఉన్నాయి కదా, ఆ చ. పాత నిఘంటువుల్లో ౘ అని వేరే అచ్చేసేవారు. జపనీసు త్సుకి అదే సరిపోతుంది. జర్మన్ దగ్గరికొచ్చేసరికి తంటా. పదిని వాళ్ళు 'ౘేన్' అంటారు, మనవాళ్ళ నోట 'చేను' వస్తుంది. ఎందుకంటే తెలుగులో ఇ, ఎ ల ముందు నాలుక దానంతటదే వెనక్కి జారిపోతుంది. చీమ, చెరువు అని చూడు. అంచేత చాపలో 'ౘా' పట్టుకుని, నాలుకని పళ్ళ వెనకాలే ఉంచి, అచ్చు ఒక్కటే మార్చాలి. ౘా, ౘా, ౘే. ఫోన్లో రికార్డు చేసి వింటే ఎక్కడ జారిందో తెలిసిపోద్ది.

హోస్ట్: కొరియన్ సీరియళ్ళ పిల్లలు ఊరుకోరు, వాళ్ళకో మాట చెప్పండి.

మాస్టారు: నిప్పు, కొమ్ము, గడ్డి. ఈ మూడూ కొరియన్‌లో మన చెవికి 'పుల్' లాగే వినిపిస్తాయి. గడ్డికి ఊపిరి బాగా తన్నాలి. కొమ్ముకి గొంతు బిగించి అసలు ఊపిరి వదలకూడదు, 'పప్పు'లో ప్ప లాగ. నిప్పు మధ్యస్తం, స్వరం కాస్త కిందనుంచి ఎత్తుకోవాలి. బస్సు టికెట్టు ముక్క నోటికి బెత్తెడు దూరంలో పట్టుకోండి. గడ్డికి ఎగరాలి, కొమ్ముకి కదలకూడదు. మనవాళ్ళు చేసే తప్పేటంటే, గడ్డిని కాఫీలో 'ఫ'తో పలుకుతారు. పై పళ్ళు కింది పెదవికి తగిలాయంటే మాట పోయినట్టే, రెండు పెదాలూ మూసి వదలాలి.

హోస్ట్: సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డింగుకీ ఫిట్టింగుకీ గల్ఫ్ వెళ్ళే కుర్రాళ్ళున్నారు. ఒకబ్బాయి 'యా కల్బీ' అన్న మాట తెగ నచ్చిందని రాశాడు.

మాస్టారు: నా ప్రాణమా అన్నట్టు, బాగుంటుంది. కానీ ఆ క మన క కాదు. నాలుక మొదలు కొండనాలుక దగ్గరికి వెళ్ళి తగలాలి. మామూలు క పెడితే 'నా కుక్కా' అని అర్థం. గల్ఫ్ వాడుకలో చాలామంది 'గల్బీ' అంటారు, మన నోటికి అదే క్షేమం.

హోస్ట్: అమ్మో! పనిలో అవసరమయ్యేవి కూడా చెప్పండి.

మాస్టారు: ఖతర్ అంటే ప్రమాదం. ఖతర్నాక్ అంటాం కదా, అందులోదే. మమ్నూ అంటే నిషేధం. రోడ్డు మీద ఎర్రబోర్డు మీద కిఫ్ అనుంటే ఆగాలి. ఇవి పలకడం రాకపోయినా పర్లేదు, బోర్డు మీద రాత గుర్తుపట్టాలి. అక్షరాలు కుడి నుంచి ఎడమకి చదవాలి, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి. అసలు మోసం అంకెల్లో ఉంది. అరబ్బీలో 5 మన సున్నాలాగ గుండ్రంగా ఉంటుంది, వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. 6 చూస్తే మన 7 అనిపిస్తుంది. జీతం కాగితం అరబ్బీ అంకెల్లో ఉంటే గుండ్రం, చుక్క, చుక్క అని కనపడితే అది 500, గుర్తుంచుకోవాలి.

హోస్ట్: సాధన ఎలగ మరి?

మాస్టారు: కాంప్లెక్స్‌లో పలాస బస్సు కోసం ఎలాగూ నిలబడతారు కదా. వచ్చిన ప్రతి బండి నంబరూ అరబ్బీ అంకెల్లో ఒక చీటీ మీద రాయండి. ఇంటికెళ్ళాక ఆ చీటీ చూసి మళ్ళీ మన అంకెల్లోకి మార్చండి. 5, 6, సున్నా ఉన్న నంబర్లు ముందు చూసుకోండి, తప్పులన్నీ అక్కడే దొరుకుతాయి.