తిరుపతి ఎండల్లో బియర్డెడ్ డ్రాగన్ పిల్ల: వేడి, వెలుగు, మేత

నమస్కారం. తిరుపతిలోనో, చిత్తూరులోనో ఉంటూ మొదటిసారిగా బియర్డెడ్ డ్రాగన్ పిల్లను ఇంటికి తెచ్చుకున్నవారి కోసం ఈ వీడియో చేస్తున్నాను. తెరపై మీకు కనిపిస్తున్నది సుమారు రెండు నెలల పిల్ల. ఇది ఆస్ట్రేలియా లోపలి మెట్టప్రాంతాలకు చెందిన జీవి. మన పెరట్లో కంచె మీద తల ఊపుతూ కనిపించే తొండదీ దీనిదీ ఒకే కుటుంబం. ఆస్ట్రేలియా తన వన్యప్రాణుల వాణిజ్య ఎగుమతిని 1960లలోనే ఆపివేసింది కాబట్టి, పెంపుడు జంతువుగా అమ్మేది పెంపకంలో పుట్టినదై ఉండాలి. కొన్నచోట రసీదు తప్పకుండా తీసుకుని దాచుకోండి.

ముందుగా పెట్టె. ఈ వయసుకు డెబ్బై అయిదు సెంటీమీటర్ల పొడవున్న గాజు పెట్టె సరిపోతుంది, పెద్దయ్యాక నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు కావాలి. అడుగున ఇసుక వేయవద్దు, ఎందుకంటే పిల్ల పురుగును పట్టబోయి ఇసుకను కూడా మింగుతుంది, అది కడుపులో అడ్డుపడుతుంది. పాత దినపత్రిక పరిస్తే చాలు. ఇదిగో, ఇలా. ఒక పెట్టెలో ఒక్క పిల్లే ఉండాలి. రెండింటిని కలిపి ఉంచితే ఒకదాని తోకనో, వేళ్ళనో మరొకటి కొరుకుతుంది. ఇటువైపు ఎక్కడానికి ఒక కొమ్మ, అటువైపు దాక్కోవడానికి చాటు. అయింది, పెట్టె సంగతి ఇంతే.

ఇప్పుడు వేడి. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళదాం, ఎందుకంటే మన ప్రాంతంలో కొత్తవారు తడబడేది ఇక్కడే. ఇది ఎడారి జీవి, మనది వేడి ఊరు, కాబట్టి ఇబ్బంది ఏముంటుందిలే అని చాలామంది అనుకుంటారు. అయితే ఈ జీవికి కావలసింది పెట్టె అంతటా ఒకే వేడి కాదు. ఒక చివర వేడి, మరో చివర చల్లదనం ఉండి, తన ఒంటికి ఎంత కావాలో అంత తానే ఎంచుకునే వీలుండాలి. ఎండ కాచుకునే రాయి పైభాగం నలభై నుంచి నలభై మూడు డిగ్రీల సెల్సియస్ ఉండాలి, చల్లటి చివర ఇరవై ఆరు నుంచి ముప్పై లోపు ఉండాలి. వేడి చివరను ఒక బల్బు ఇస్తుంది. మే నెలలో మిద్దె కింది గదే ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది డిగ్రీలు ఉన్నప్పుడు చల్లటి చివరను ఎవరు ఇస్తారు? మన ఊళ్ళో అసలు పని అదే.

ఈ కొలత ఎలా తీయాలో చూడండి. పెట్టెకు అతికించే గుండ్రటి థర్మామీటర్ గాజు వేడిని చూపిస్తుందే తప్ప, రాయి వేడిని చూపించదు. నేను వాడేది ఈ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. బల్బు వేసిన గంట తరువాత దీన్ని రాయికి దగ్గరగా పెట్టి, పిల్ల పొట్ట ఆనించే చోటికి గురిపెట్టి ఇలా నొక్కాలి. నలభై ఒకటి చూపిస్తోంది, బాగుంది. ఇప్పుడు ఇటు చివర, నేల మీద. ముప్పై మూడు. ఇది ఎక్కువ. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు మరొకసారి, ఈ రెండు చోట్లా కొలవండి. ఉదయం సరిగ్గా ఉన్న పెట్టె మూడు గంటలకు అలాగే ఉంటుందని అనుకోవద్దు.

చల్లటి చివర ముప్పై దాటితే ముందుగా బల్బును తక్కువ వాట్లదిగా మార్చండి. అప్పటికీ తగ్గకపోతే మధ్యాహ్నపు గంటల్లో వేడి బల్బును పూర్తిగా ఆపివేయండి, అయితే పక్కనున్న యూవీబీ ట్యూబును (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలను ఇచ్చే దీపం, దాని సంగతి తరువాత చెబుతాను) మాత్రం ఆపవద్దు. పెట్టెను పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు మార్చి, పడమటి గోడకు దూరంగా పెట్టడం కూడా బాగా పనిచేస్తుంది. పిల్ల వేడి రాయి మీద నోరు తెరిచి కూర్చుంటే భయపడనవసరం లేదు, అది ఎక్కువైన వేడిని వదులుకుంటోంది. చల్లటి చివరకు వచ్చాక కూడా నోరు తెరిచే ఉంటే మాత్రం పెట్టె మొత్తం వేడెక్కిపోయిందని అర్థం, వెంటనే చల్లటి గదిలోకి మార్చాలి.

రాయి విషయంలో నా అభిప్రాయం ఒకటి చెబుతాను. దుకాణంలో అమ్మే రెజిన్ గుట్టల కంటే చిన్న కడప బండ ముక్క మేలు. వేడిని పట్టి ఉంచుతుంది, కడగడం సులువు, ఇంటి పనులు జరిగేచోట అడిగితే ముక్క దొరుకుతుంది. గరుకు వైపు పైకి పెట్టండి, గోళ్ళకు పట్టు ఉంటుంది. రాత్రి ఏ దీపమూ వద్దు. పలమనేరు, కుప్పం వైపు ఉన్నవారు మాత్రం డిసెంబరు, జనవరి రాత్రుల్లో గది పద్దెనిమిది డిగ్రీల కంటే దిగుతోందా అని గమనించుకోవాలి. దిగుతుంటే వెలుతురు లేని సిరామిక్ హీటరును, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో కలిపి వాడవచ్చు.

తరువాత యూవీబీ. ఎముకలు గట్టిపడడానికి కావలసిన డి3 విటమిన్ ఈ కిరణాల వల్లే చర్మంలో తయారవుతుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అంటారు. గాజు ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది, కాబట్టి ఆ ఎండ వల్ల వేడి తప్ప ఇంకేమీ రాదు. టీ5 అనే సన్నటి ట్యూబు రకంలో, పది లేదా పన్నెండు శాతం యూవీబీ అని రాసి ఉన్న ట్యూబు, పెట్టె పొడవులో సగానికి మించి ఉన్నది తీసుకుని, వేడి బల్బు ఉన్న వైపే బిగించండి. మధ్యలో ఇనుప జాలీ ఉంటే కిరణాల్లో మూడో వంతు దాకా తగ్గిపోతాయి. వెలుగు బాగానే కనిపిస్తున్నా ఏడాదికి ఒకసారి ట్యూబు మార్చాలి. రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటల వెలుగు. ఇందుకు టైమర్ ప్లగ్గు పెట్టుకోండి, మీరు ఊరెళ్ళినా అది మరిచిపోదు. మిద్దె మీద నేరుగా ఎండ చూపించాలనుకుంటే జాలీ బుట్టలో, సగం నీడ ఉండేలా, ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల మధ్య పావుగంట చాలు, కాకులు రాకుండా పక్కనే ఉండాలి. గాజు పెట్టెను ఎండలో పెట్టడం మాత్రం ప్రాణం తీయడమే.

ఇక మేత. మూడు నెలల లోపు పిల్లకు రోజుకు మూడుసార్లు పురుగులు పెట్టాలి, ప్రతిసారీ పది నిమిషాల్లో తిన్నన్ని. పురుగు పరిమాణం పిల్ల రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు. తెరపై గీత చూడండి, ఆ గీతంత. మొదటి మేత దీపం వేసిన గంటకు, చివరి మేత దీపం ఆరడానికి రెండు గంటల ముందు, ఎందుకంటే వేడి లేకుండా అరగదు. మిగిలిన కీచురాళ్ళను తీసివేయండి, రాత్రి అవి నిద్రపోతున్న పిల్లను కొరుకుతాయి.

కీచురాళ్ళు, డూబియా బొద్దింకలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మన ప్రాంతంవారికి ఇంకొక మంచి మార్గం ఉంది. పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో పట్టుపురుగుల పెంపకం ఉంది; చాకీ దశలోని, అంటే గుడ్డు నుంచి వచ్చిన తొలి రోజుల్లోని చిన్న పురుగులు మెత్తగా, ఈ నోటికి సరిపోయేంత ఉంటాయి. పడకల మీద క్రిమిసంహారక పొడి చల్లకముందే అడిగి తెచ్చుకుని, మందు కొట్టని మల్బరీ ఆకు మీద ఇంట్లో పెంచండి. లేత మల్బరీ ఆకును పిల్లకూ పెట్టవచ్చు. బయట దొరికే పురుగులను మాత్రం పెట్టవద్దు, వాటిపై ఏ మందు పడిందో మనకు తెలియదు. మిణుగురు పురుగు అయితే ఒక్కటి తిన్నా చనిపోతుంది.

కీచురాళ్ళలో భాస్వరం ఎక్కువ, సున్నపు ధాతువు, అంటే కాల్షియం, తక్కువ. అందుకే పాలిథిన్ కవరులో పురుగులు, చిటికెడు భాస్వరం లేని కాల్షియం పొడి వేసి, ఇలా రెండుసార్లు ఊపి, రోజుకు ఒక పూట పెట్టాలి. వారానికి ఒకటి రెండుసార్లు సరీసృపాల మల్టీవిటమిన్. తాంబూలంలో వేసుకునే సున్నం దీనికి బదులు కాదు, అది నోటిని కాల్చేస్తుంది. పశువుల మినరల్ మిక్స్చరులో భాస్వరం కలిసే ఉంటుంది కాబట్టి అదీ వద్దు.

ఆకుకూరలు రోజూ ఉదయం, కందిపప్పు గింజంత ముక్కలుగా తరిగి పెట్టండి. మునగాకు, తురిమిన గుమ్మడికాయ, ఇంటి చెట్టున పూసిన మందార రేకులు బాగుంటాయి. పాలకూర, గోంగూర, తోటకూరల్లోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి వాటిని పక్కన పెట్టండి. పిల్ల మొదట్లో ఆకును ముట్టుకోకపోవచ్చు, అయినా పెడుతూనే ఉండాలి.

నీళ్ళకు, ముక్కు మీద రెండు చుక్కలు వేస్తే నాకుతుంది. వారానికి రెండు మూడుసార్లు పిల్ల ముందుకాళ్ళ మోచేతుల వరకే వచ్చే గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, తుడిచి పెట్టెలో వదలండి. అక్టోబరు, నవంబరు వానల్లో గదిలో తేమ పెరుగుతుంది, అప్పుడు పెట్టె పైభాగం తెరిచి గాలి ఆడనివ్వాలి. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండవచ్చు.

చివరగా, వారానికి ఒకసారి వంటింటి త్రాసు మీద బరువు తూచి రాసుకోండి. బరువు పెరగకపోయినా, కాళ్ళు వణికినా, దవడ మెత్తబడినా ఆగవద్దు; తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, అక్కడి వైద్యశాలలో సరీసృపాలను చూసే వైద్యులు ఎప్పుడు ఉంటారో ముందుగా కనుక్కుని తీసుకువెళ్ళండి. వెళ్ళేటప్పుడు తాజా పెంటను చిన్న డబ్బాలో వేసి తీసుకువెళితే పరాన్నజీవుల పరీక్ష కూడా చేయించవచ్చు.