సిగ్ సావర్ పీ320: వేలు పెట్టకపోయినా పేలుతుందా?

నమస్కారం. ముందు తూటాలుండే పెట్టె, అంటే మ్యాగజీన్ తీసేస్తున్నాను, ఆ తర్వాతే పైభాగం, అంటే స్లైడ్ వెనక్కి లాగుతున్నాను. ఈ వరస తారుమారైతే, చాంబర్‌లోని, అంటే గొట్టం వెనక పేలే చోటున్న తూటా బయటపడగానే మ్యాగజీన్‌లోంచి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. ఇదిగో, ఖాళీ.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు సిగ్ సావర్ కంపెనీ పిస్టల్ పీ320 కొనవచ్చా అని అడుగుతున్నారు. చేతిలో చక్కగా ఇముడుతుంది. అమెరికా సైన్యం 2017లో దీన్నే ఎం17 పేరుతో ఎంచుకుంది. పొగడ్తలు ఇంతటితో చాలు, ట్రిగ్గర్ దగ్గరికి వద్దాం.

ఎడమవైపున్నది గ్లాక్, వేరే కంపెనీ పిస్టల్. ట్రిగ్గర్ మధ్యలో నాలుకలాంటి సన్నని మీట కనిపిస్తోందా? అది లోపలికి నొక్కుకుంటేనే ట్రిగ్గర్ కదులుతుంది. పక్క అంచును గోటితో నెడుతున్నాను, కదలడం లేదు. కుడివైపు పీ320. నున్నటి ట్రిగ్గర్, అంతే. ఈ రకానికి బొటనవేలితో వేసే సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే గడియ కూడా లేదు. సైన్యానికి ఇచ్చినదానికి మాత్రం పెట్టారు!

కొన్ని కోణాల్లో కిందపడితే ఇది పేలుతోందని 2017లోనే బయటపడింది. కింద తగిలిన ఊపుకు బరువైన ట్రిగ్గర్ తనంతట తానే వెనక్కి జరిగేది. కంపెనీ తేలికైన ట్రిగ్గర్‌ను ఉచితంగా వేసి ఇచ్చింది కానీ, రీకాల్, అంటే అమ్మినవాటిని వెనక్కి రప్పించడం అనే మాట వాడలేదు. తుపాకులను వెనక్కి రప్పించే అధికారం అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘానికి చట్టప్రకారం లేదు. బొమ్మ తుపాకీని రప్పించగలదు, అసలు తుపాకీని రప్పించలేదు.

ఆ మార్పు తర్వాత కూడా, హోల్‌స్టర్‌లో, అంటే నడుముకు కట్టుకునే తుపాకీ ఒరలో ఉండగానే పేలిందంటూ చాలామంది కోర్టుకెక్కారు. ట్రిగ్గర్ నొక్కకుండా పేలదన్నదే కంపెనీ వాదన. 2024లో జార్జియా రాష్ట్రంలో ఒక జ్యూరీ బాధితుడికి 23.5 లక్షల డాలర్లు ఇవ్వమంది. అలాగని ప్రతి ఫిర్యాదునూ నమ్మేయకండి. 2025 జూలైలో వయోమింగ్ వైమానిక స్థావరంలో ఒక సైనికుడు చనిపోతే, పీ320 రకానికే చెందిన ఎం18 పిస్టళ్ల వాడకం ఆపేశారు. తర్వాత ఆ కేసులో తోటి సైనికుణ్ణి అరెస్టు చేశారు. తనిఖీలు ముగించి ఆగస్టులో పిస్టళ్లను తిరిగి వాడుకలోకి తెచ్చారు.

ట్రిగ్గర్ మీద వేలు పెట్టకుండా చూసుకోవడం కొన్నవాడి బాధ్యత, కాదనను. కానీ చొక్కా అంచో హోల్‌స్టర్ మడతో ట్రిగ్గర్‌కు తగలడం ఎవరికైనా జరిగేదే. దాన్ని కొంతవరకైనా అడ్డుకునే మీట తెలిసీ పెట్టనివాడు తప్పంతా వాడినవాడి మీదకు నెట్టడం నాకు నచ్చదు. కొనాలనే ఉంటే, బొటనవేలి సేఫ్టీ ఉన్న రకమే అడగండి. పాతది చేతికొస్తే, సీరియల్ నంబరు కంపెనీకి చెప్పి 2017 మార్పు జరిగిందో లేదో కనుక్కోండి. అంతవరకూ చాంబర్‌లో తూటా పెట్టవద్దు.