టెస్టుల్లో ఒకే అసర్షన్లు కాపీ పేస్ట్ చేస్తున్నారా? ఇలా పంచుకోండి

[తెరపై: హైదరాబాద్ హోటల్ బిల్లు. రెండు బిర్యానీలు 600, సీజీఎస్టీ 15, ఎస్‌జీఎస్టీ 15, మొత్తం 630]

నమస్తే అండీ. మామూలు రెస్టారెంట్‌లో తింటే 5 శాతం జీఎస్టీ. సగం కేంద్రానికి, సగం తెలంగాణకు. ఈ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి టెస్టులు రాస్తున్నాం అనుకోండి. రెండు పన్నులూ సమానంగా ఉన్నాయా? అన్నీ కలిపితే మొత్తం సరిపోతోందా? ఇలా సరిచూసే లైన్లే అసర్షన్లు, తేడా వస్తే టెస్టు ఫెయిల్. పార్సిల్ టెస్టులో, డిస్కౌంట్ టెస్టులో, క్యాన్సిల్ టెస్టులో, ఎక్కడ చూసినా ఇవే లైన్లు. రూల్ మారిన రోజు అన్నీ వెతికి మార్చాలి, ఒక్కటి మర్చిపోయినా తిప్పలే.

[తెరపై: ఆ లైన్లన్నీ ఒక ఫంక్షన్‌లోకి చేరతాయి]

ఇదిగో, 'అసర్ట్ వ్యాలిడ్ బిల్' అనే ఫంక్షన్. టెస్టులన్నీ పిలుచుకునే ఇలాంటి ఫంక్షన్‌నే హెల్పర్ అంటాం. చాలామంది దీన్ని బేస్ క్లాస్‌లో, అంటే టెస్టు క్లాసులన్నిటికీ పేరెంట్ అయిన క్లాసులో పెడతారు. నాకది నచ్చదు. జావాలో ఒక క్లాసుకి ఒకే పేరెంట్ ఉంటుంది, చివరికి టీమ్‌లో అందరి హెల్పర్లూ అందులోకే చేరతాయి. మామూలు ఫంక్షన్ చాలు.

ఒక్క జాగ్రత్త. 630 అనే అంకె మాత్రం ఆ టెస్టులోనే ఉండాలి. హెల్పర్‌లో మళ్లీ 5 శాతం లెక్క కట్టారంటే అసలు కోడ్‌లో ఉన్న తప్పే ఇక్కడా వస్తుంది, టెస్టు హాయిగా పాసవుతుంది!

[తెరపై: పైటెస్ట్ అవుట్‌పుట్, పాతదీ కొత్తదీ పక్కపక్కన]

ఇప్పుడు అసలు చిక్కు. మన టెస్టులు పైథాన్‌లో ఉన్నాయి, వాటిని నడిపే టూల్ పైటెస్ట్. టెస్టు ఫైల్లో అసర్ట్ ఫెయిలైతే పైటెస్ట్ '15, 12' అని రెండు విలువలూ చూపించేది. హెల్పర్‌ని వేరే ఫైల్లో పెట్టగానే ఉత్త 'అసర్షన్ ఎర్రర్' అంటోంది. ఎందుకు? ఫైల్ ఇంపోర్ట్ అయ్యేటప్పుడే పైటెస్ట్ అసర్ట్ లైన్లను ఆ విలువలు చూపించేలా తిరగరాస్తుంది. అదీ టెస్టు ఫైళ్లలో, కాన్ఫ్‌టెస్ట్ అనే సెట్టింగుల ఫైల్లో, ప్లగిన్లలో మాత్రమే. మన హెల్పర్ ఫైల్ సంగతి దానికి మనమే చెప్పాలి. కాన్ఫ్‌టెస్ట్‌లో 'రిజిస్టర్ అసర్ట్ రీరైట్' అని పిలిచి ఆ ఫైల్ పేరివ్వండి. హెల్పర్‌ని ఇంపోర్ట్ చేయకముందే పిలవాలి, తర్వాత పిలిస్తే ఫలితం ఉండదు.

ఇంకొకటి. ఏ టెస్టు ఫెయిలైనా ఎర్రర్ హెల్పర్‌లోని లైన్‌నే చూపిస్తుంది. రాత్రి బిల్డ్ ఆగిపోయి టెన్షన్‌లో ఉన్నవాళ్లకు కావాల్సింది అది కాదు, దాన్ని పిలిచిన టెస్టు లైన్. హెల్పర్‌లో 'ట్రేస్‌బ్యాక్‌హైడ్'ని ట్రూ చేయండి, పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉంటాయి. గో భాషలో ఇదే పనికి 2017లో 1.9 వెర్షన్‌తో 'టీ డాట్ హెల్పర్' వచ్చింది.

[తెరపై: సీజీఎస్టీ 15, ఎస్‌జీఎస్టీ 12 ఉన్న తప్పు బిల్లు]

ఈ హెల్పర్‌కీ ఒక టెస్టు రాయండి. ఈ తప్పు బిల్లు ఇచ్చి, 'పైటెస్ట్ డాట్ రైజెస్'తో అది నిజంగా ఫెయిలవుతోందో లేదో చూడండి.