చదరంగం గళ్ల లెక్కలో ఏడు ప్రధాన సంఖ్యలు

ఉపాధ్యాయులకు నమస్కారం, పిల్లలకు శుభాకాంక్షలు.

గణిత దినోత్సవానికి శ్రీకాకుళం వచ్చి మాట్లాడమన్నప్పుడు, ఒకే ఒక్క సంఖ్య గురించి చెప్పాలనిపించింది. బోర్డు మీద రాస్తున్నాను చూడండి: 18446744073709551615. ఇరవై అంకెలు.

చదరంగం కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది... అరవై నాలుగు గళ్లూ నిండితే అయ్యే మొత్తం ఇదే. అంటే 2⁶⁴ − 1. బియ్యపు గింజ బరువు 20 మిల్లీగ్రాములనుకుంటే దాదాపు 37 వేల కోట్ల టన్నులు. వంశధార, నాగావళి ఆయకట్టు మాట అటుంచండి, దేశమంతా ఏడాదికి పండే బియ్యానికి రెండు వేల రెట్ల కంటే ఎక్కువ!

ఈ సంఖ్యను మనవాళ్లు పద్యంలో బిగించారు. 'శర శశి షట్క చంద్ర శర సాయక' అని మొదలవుతుంది. శరాలు 5, శశి 1, షట్కం 6. ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపు రాసుకుంటూ పోవాలి. ఇరవై అంకెలూ నోటికి వచ్చేస్తాయి. నాకు ఆ పద్యమంటే ప్రాణం.

ఇంత పెద్దదానికి కారణాంకాలు కనుక్కోమంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఇది ఎలా పుట్టిందో మనకు తెలుసు. ఒక వర్గంలోంచి 1 తీసేస్తే ఏమవుతుందో ఎనిమిదో తరగతిలో చదివారు కదా! 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). మొదటి బ్రాకెట్‌లో ఉన్నదీ అదే రకం, దాన్నీ విడదీయండి. అలా చేసుకుంటూ పోతే 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి.

మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదీ అంతేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. అంతటివాడి నమ్మకం! 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ దాన్ని పగలగొట్టాడు: 641 × 6700417.

భాగహారం చెయ్యకుండానే దీన్ని రుజువు చేయొచ్చు. 641 = 5 × 2⁷ + 1. కాబట్టి 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ శేషం 1. ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడండి, 641 = 5⁴ + 2⁴ కూడా. అందుకని 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. పెడితే −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1కి శేషం సున్నా. ఎన్నిసార్లు రాసినా నాకు ఇక్కడ ఆనందం తగ్గదు.

6700417 ప్రధాన సంఖ్యే. మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, కాబట్టి మన ఇరవై అంకెల సంఖ్యకు భాజకాలు 2⁷, అంటే 128.

ఇక మీకో పని. 65537కు తనకంటే చిన్న ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 32తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఇది ఆయిలర్ చూపిన నియమమే. 65537 వర్గమూలం 256 దగ్గరే కాబట్టి అంతవరకు వెతికితే చాలు; 256 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు 97, 193 మాత్రమే. రెండు భాగహారాలు. కాగితాలు తియ్యండి.