పాత లైబ్రరీని టేపుకెక్కించాలంటే ఏ కమాండ్?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్న ఫైనల్ ఇయర్ వాళ్లలో కొందరు త్వరలోనే అనంతపురం నుంచి బెంగళూరు బస్సెక్కుతారు. సపోర్ట్ టీముల్లో చేరితే నైట్ షిఫ్టులో మీ ముందుకొచ్చేది నల్ల తెర మీద పచ్చ అక్షరాలు కావచ్చు. ఐబీఎం 1988లో తెచ్చిన ఏఎస్400 కంప్యూటర్ అది. 2008 నుంచి దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఐబీఎం ఐ అంటున్నారు. పేరు మారినా ఆఫీసుల్లో ఏఎస్400 అనే అంటారు, నేనూ అలాగే అంటాను.

ఈరోజు ఒక్క పని గురించే మాట్లాడతాను. తాడిపత్రిలో ఒక బండల కంపెనీ ఉందనుకోండి. 2019-20 లెక్కలన్నీ ఏసీసీ1920 అనే లైబ్రరీలో, అంటే ఫైళ్లు, ప్రోగ్రాములు పెట్టుకునే ఫోల్డర్ లాంటి దాంట్లో ఉన్నాయి. డిస్కు నిండిపోతోంది, మేనేజరు గారు "పాతవి తీసేయండయ్యా" అంటారు. తీసేయడం సులువే. కానీ కంపెనీల చట్టం ప్రకారం 8 ఆర్థిక సంవత్సరాల లెక్కలు దాచాలి. జీఎస్టీ అయితే వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు. అందుకని ముందు టేపుకెక్కించాలి, ఆ తర్వాతే తీసేయాలి.

రోజువారీ బ్యాకప్ టేపు డిస్కు చెడిపోయిన మర్నాడు పనికొస్తుంది. ఆర్కైవ్ టేపు సంగతి అది కాదు. అది తహసీల్దార్ ఆఫీసు రికార్డు గదిలోని పాత అడంగల్ లాంటిది. ఎప్పుడో ఎవరో వచ్చి ఒక్క పేజీ అడుగుతారు, ఆ పేజీ దొరకాలి. కమాండ్‌ను ఎంచుకునేది దాన్ని బట్టే.

టైము తక్కువ పడుతుందని చాలామంది సేవ్‌చేంజ్‌ఆబ్జెక్ట్ అనే కమాండ్ వైపు మొగ్గుతారు. లైబ్రరీ మొత్తాన్ని సేవ్ చేసే కమాండ్ సేవ్‌లిబ్. చివరిసారి సేవ్‌లిబ్ చేసినప్పటి నుంచి మారినవాటినే అది తీసుకుంటుంది. రోజువారీకి బాగుంటుంది గానీ ఆర్కైవ్‌కు నేనైతే ముట్టుకోను. దాంట్లో ఒక మెలిక ఉంది. జర్నలింగ్ అంటే ఫైలులో జరిగే ప్రతి మార్పునూ విడిగా రాసిపెట్టడం. జర్నలింగ్ పెట్టిన ఫైళ్లను అది మామూలుగా వదిలేస్తుంది, ఆ మార్పులు జర్నల్ రిసీవర్లలో ఉంటాయి కదా అని. మనం జర్నలింగ్ పెట్టేదేమో లెడ్జర్ లాంటి ముఖ్యమైన ఫైళ్లకే! చివరికి అసలు కావలసిందే టేపు మీద ఉండదు.

విడి వస్తువులను సేవ్ చేసే సేవ్‌ఆబ్జెక్ట్ కమాండ్‌తో ఆల్ అని ఇచ్చినా లోపలి వస్తువులే, అంటే ఫైళ్లు, ప్రోగ్రాముల్లాంటివే వస్తాయి, లైబ్రరీ వివరణ రాదు. తిరిగి తెచ్చేటప్పుడు ముందు లైబ్రరీని మనమే సృష్టించుకోవాలి. ఒకటి రెండు ఫైళ్లకైతే పరవాలేదు. మొత్తం లైబ్రరీకి సేవ్‌లిబ్‌నే నమ్మండి.

అలాగని సేవ్‌లిబ్‌ను ఉన్నదున్నట్టు కొట్టి ఎంటర్ నొక్కేయకండి. ప్రింటుకు సిద్ధంగా ఉన్న రిపోర్టులను స్పూల్ ఫైళ్లంటారు, అవి వరసలో ఉండే చోటు అవుట్‌పుట్ క్యూ. స్పూల్ ఫైల్ డేటా అనే పారామీటర్ మామూలుగా నన్ అని ఉంటుంది. అంటే అవుట్‌పుట్ క్యూ ఖాళీ గూడులా వస్తుంది, అందులోని రిపోర్టులు రావు. ఆడిటర్ అడిగేది చాలాసార్లు ఆ రిపోర్టులనే. అక్కడ ఆల్ అని మార్చండి. ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకునే డేటా క్యూల సంగతీ ఇంతే. ప్రైవేట్ అథారిటీలు, అంటే ఒక్కో యూజరుకు విడిగా ఇచ్చిన అనుమతులు కూడా అడిగితేనే వస్తాయి.

ఇక ఫైలు లాకై ఉండటం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఒకచోట రాత్రి సేవ్ ప్రోగ్రామ్ రోజూ "పూర్తయింది" అనే చెప్పేది. ఆ పని నడిచిన చిట్టా, అంటే జాబ్ లాగ్ తెరిచి చూస్తే సీపీఎఫ్3771 మెసేజ్, అంటే కొన్ని సేవ్ అయ్యాయి, కొన్ని కాలేదు అని. ఎవరో ఎంట్రీ స్క్రీన్ మూయకుండానే ఇంటికెళ్లారు. ఆ స్క్రీన్ పట్టుకున్న ఫైలు టేపుకు ఎక్కలేదు. ప్రోగ్రామ్‌లో ఎవరో మాన్‌మెసేజ్ సీపీఎఫ్0000 అని రాసిపెట్టారు, అది వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ మింగేసింది. ఆ లైను కనిపిస్తే తీసేయమని టీమ్ లీడ్‌తో గొడవపడండి, నా పేరు చెప్పండి. ఫైలు వాడకంలో ఉండగానే సేవ్ చేసే సేవ్ వైల్ యాక్టివ్ అనే సదుపాయం ఉంది నిజమే. కానీ పాత సంవత్సరపు లైబ్రరీ ఎవరికీ రోజూ అక్కర్లేదు. వాడకం ఆపించి సేవ్ చేయడమే మేలు.

టేపు డ్రైవ్ ఖాళీ లేకపోతే సేవ్ ఫైల్‌లోకి తీసుకోవచ్చు. ఒక సేవ్ ఫైల్‌లో ఒక్క లైబ్రరీనే పడుతుంది. అది అదే డిస్కు మీద ఉంటుంది కాబట్టి డిస్కు పోతే అదీ పోతుంది. తర్వాత సేవ్‌సేవ్‌ఎఫ్‌డేటా కమాండ్‌తో టేపుకెక్కించండి. అప్పుడు నేరుగా టేపుకు సేవ్ చేసినట్టే ఉంటుంది, టేపు నుంచే రిస్టోర్ చేసుకోవచ్చు. సేవ్ ఫైల్‌నే మామూలు వస్తువులా సేవ్‌ఆబ్జెక్ట్ చేస్తే ముందు ఆ ఫైల్‌ను వెనక్కి తేవాలి, తర్వాత దాంట్లోంచి లైబ్రరీని తేవాలి. రెట్టింపు పని, రెట్టింపు జాగా.

స్టోరేజ్ ఫ్రీ అనే ఆప్షన్ కూడా ఉంది. సేవ్ అయ్యాక డేటాను తీసేసి పేరు మాత్రం ఉంచుతుంది. నాకు నచ్చదు. లిస్టులో ఫైలు కనిపిస్తుంది, తెరవబోతే తెరుచుకోదు, కొత్తగా వచ్చినవాళ్లు కంగారు పడతారు.

తీసేసే ముందు టేపు నుంచి ఇంకో పేరుతో, అంటే టెస్ట్1920 అని, రిస్టోర్ చేసి చూడండి. రికార్డుల సంఖ్య పోల్చండి. అసలు డేటా ఉండేది ఫిజికల్ ఫైలులో, దాన్ని వేరే వరసలో చూపించేది లాజికల్ ఫైలు. లాజికల్ ఫైలు దాని ఫిజికల్ ఫైలుతో పాటు ఒకే లైబ్రరీలో ఉంటే కొత్త చోట కూడా సరిగ్గా కలుసుకుంటాయి. ప్రోగ్రామ్‌లో లైబ్రరీ పేరు నేరుగా రాసి ఉంటే మాత్రం అది పాతదాన్నే వెతుక్కుంటుంది, చూసుకోండి.

టేపు కూడా ముసలిదవుతుంది. ఎల్‌టీవో అనే రకం టేపు డ్రైవ్‌లు ఏడో తరం దాకా రెండు తరాల వెనకటి టేపులను చదివేవి. ఎల్‌టీవో-8 డ్రైవ్ మాత్రం ఎల్‌టీవో-7, ఎల్‌టీవో-8 టేపులనే చదువుతుంది. ఎల్‌టీవో-5 టేపు మీద దాచి, డ్రైవ్ మార్చేసి కూర్చుంటే ఆడిటర్ వచ్చిన రోజు టెన్షనే. కాబట్టి డ్రైవ్ మార్చే ముందే పాత టేపులను కొత్త టేపుల మీదికి ఎక్కించమని అడగండి.

ఇక తెర మీదికి వద్దాం. ముందు వరసలో ఉన్నవాళ్లు ఎవరైనా ఒకరు రండి. సేవ్‌లిబ్ అని టైపు చేసి ఎఫ్4 నొక్కండి, తర్వాత అదనపు పారామీటర్లు కూడా కనబడేలా ఎఫ్10 కొట్టండి.