1981: గురు లఘువులు లెక్కపెట్టుకుంటూ విన్న ఆల్బమ్‌లు

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయేది 1981లో వచ్చిన ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్‌ల గురించి, అంటే తాళం లెక్కలతో ఆడుకునే రాక్ సంగీతం గురించి. ఆ పాటలు ప్లే చేస్తే వీడియోకి కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. అందుకని నేను చేతులతో తాళం వేసి చూపిస్తాను, మీరూ నాతో పాటు వేయండి.

గురువు, లఘువు, గురువు, గురువు. మళ్ళీ అదే: గురువు, లఘువు, గురువు, గురువు. ఇప్పుడు చివరిది: గురువు, గురువు, లఘువు, లఘువు.

గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి అని హైస్కూల్లో నేర్చుకున్నాం కదా. ఆ లెక్కన మొదటి రెండు ముక్కలు ఏడేసి మాత్రలు, మూడోది ఆరు, మొత్తం ఇరవై. గణాలు గుర్తున్నవాళ్ళకి ఇంకా తేలిక. ర గణం పక్కన ఒక గురువు, అలా రెండుసార్లు. తర్వాత త గణం పక్కన ఒక లఘువు.

ఇది పద్యం కాదు. కెనడా బ్యాండ్ రష్ 1981 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'మూవింగ్ పిక్చర్స్' ఆల్బమ్‌లో 'వై వై జెడ్' అనే ట్రాక్ ఇలా మొదలవుతుంది. వై వై జెడ్ అంటే టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్ట్ కోడ్. హైదరాబాద్ నుంచి టొరంటోకి పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నల సూట్‌కేసు ట్యాగుల మీద ఉండేది ఆ మూడక్షరాలే. వాటిని మోర్స్ కోడ్‌లో, అంటే చుక్కలూ గీతలతో అక్షరాలు పంపే టెలిగ్రాఫ్ పద్ధతిలో పంపితే గీత, చుక్క, గీత, గీత, అలా వస్తుంది. అసలు మోర్స్‌లో గీత చుక్కకి మూడింతలు ఉండాలి. వీళ్ళు దాన్ని రెండింతలకి తగ్గించారు. దాంతో అది అచ్చంగా మన గురువూ లఘువూ అయిపోయింది. డ్రమ్మర్ నీల్ పియర్ట్ ముందు చిన్న కంచు బిళ్ళల మీద ఈ వరసని ఒంటరిగా మోగిస్తాడు. తర్వాత బేస్, గిటార్ అదే వరస అందుకుంటాయి. పాట మొత్తంలో ఒక్క మాట ఉండదు.

నేను దీన్ని మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో విన్నాను. అప్పుడు ఏమీ అర్థం కాలేదు, కానీ కాలు మాత్రం ఊగింది. చాలా ఏళ్ళ తర్వాత కాగితం మీద గురు లఘువులు గుర్తించి చూసుకున్న రోజు రాత్రి నిద్రపట్టలేదు. అంత సంతోషం వేసింది.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఇరవై నిమిషాల పాటలు, పెద్ద పెద్ద కీబోర్డులు అనే మాట మీరు వినే ఉంటారు. 1981 నాటికి ఆ కాలం నిజంగానే ముగిసింది. ఆ తరహా పెద్ద బ్యాండ్లలో 'ఎమర్సన్, లేక్ అండ్ పామర్' అప్పటికే ఆగిపోయింది, 'యెస్' ఆ ఏడాదే విడిపోయింది. ఆగస్టు 1న అమెరికాలో పాటల వీడియోలు చూపించే ఎంటీవీ ఛానెల్ మొదలైంది. ప్రోగ్రెసివ్ రాక్ పని అయిపోయిందని చాలామంది రాసేశారు. నా దృష్టిలో మాత్రం ఈ సంగీతానికి ప్రాణం పాట పొడవులో లేదు, లెక్కలో ఉంది. 1981లో పాటలు చిన్నవయ్యాయి. లెక్క మాత్రం ఇంకా పదునెక్కింది. అందుకే ఎనభైల్లో ఒక్క ఏడాదే ఎంచుకోమంటే నేను దీన్నే తీసుకుంటాను.

'మూవింగ్ పిక్చర్స్' సంగతి ఇంకొంచెం చెప్పాలి. క్యూబెక్‌లోని మోరిన్ హైట్స్‌లో లె స్టూడియో అనే చోట ముగ్గురే సభ్యులున్న బ్యాండ్ చేసిన ఆల్బమ్ ఇది. గెడ్డీ లీ పాడుతూ బేస్ వాయిస్తాడు, కీబోర్డ్ కూడా దాదాపు అంతా ఆయనదే. అలెక్స్ లైఫ్‌సన్‌ది గిటార్. డ్రమ్స్ వాయించిందీ, పాటల్లో మాటలు ఎక్కువగా రాసిందీ పియర్ట్. మొదటి పాట 'టామ్ సాయర్' మధ్యలో కీబోర్డ్ ముందుకొచ్చే చోట ఏడు లెక్క మొదలవుతుంది. ఏడు లెక్కల కర్ణాటక తాళం మిశ్ర చాపు తెలిసినవాళ్ళు 'తకిట తకధిమి' అనుకుంటూ వినండి, చక్కగా కూర్చుంటుంది. రేడియోలో అన్నిసార్లు మోగిన పాటలో ఏడు లెక్క ఉందని చాలామంది గమనించనే లేదు. లెక్క కనపడకుండా పాట నడిపించడం ఎంత కష్టమో మృదంగం నేర్చుకున్నవాళ్ళని అడగండి.

కవర్ బొమ్మ కూడా చూడండి. ఒంటారియో శాసనసభ భవనం ముందు ఎర్ర బట్టల్లో పనివాళ్ళు పటాలు మోసుకెళ్తుంటారు. వాటిని చూసి కొందరు ఏడుస్తుంటారు. వెనక అట్ట మీద చూస్తే అదంతా సినిమా షూటింగ్. 'మూవింగ్ పిక్చర్స్' అనే ఇంగ్లీషు పేరుకి ఉన్న మూడు అర్థాలూ, పటాలు మోయడం, మనసుని కదిలించే పటాలు, సినిమా, అలా వచ్చేశాయి. మన 'కదిలించడం' అనే మాటకీ అదే శక్తి ఉంది. పటాన్నీ కదిలిస్తాం, మనిషినీ కదిలిస్తాం.

ఇక నాకు ఆ ఏడాదిలోకెల్లా ఇష్టమైనది, బ్రిటిష్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ ఆల్బమ్ 'డిసిప్లిన్'.

గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ 1974లో కింగ్ క్రిమ్సన్‌ని ఆపేశాడు. ఏడేళ్ళ తర్వాత కొత్త మనుషులతో 'డిసిప్లిన్' అనే పేరుతోనే ఒక బ్యాండ్ కట్టి, కొన్ని ప్రదర్శనలిచ్చాక పాత పేరు తిరిగి పెట్టాడు. డ్రమ్స్ మీద పాతవాడు బిల్ బ్రూఫర్డ్. కొత్తగా ఇద్దరు అమెరికన్లు వచ్చారు: గిటార్ వాయిస్తూ పాడే ఏడ్రియన్ బెల్యూ, బేస్ మీద టోనీ లెవిన్. లెవిన్ చేతిలో చాప్‌మన్ స్టిక్ అనే పది తీగల వాయిద్యం కూడా ఉంది. దాన్ని గిటార్‌లా మీటడం ఉండదు. రెండు చేతుల వేళ్ళతో తీగల మీద తడతారు.

'ఫ్రేమ్ బై ఫ్రేమ్' పాటలో జరిగేది వినండి. ఇద్దరు గిటారిస్టులు ఒకే వరసని ఏడేసి స్వరాలుగా కలిసి మొదలుపెడతారు. రెండు ఏడులు పద్నాలుగు. ఇద్దరిలో ఒకరు ఆ పద్నాలుగులో చివరి స్వరం వదిలేసి పదమూడుతో తిరుగుతారు. అంతే, ఒక్కో ఆవర్తనానికి ఒక్కో స్వరం చొప్పున ఇద్దరూ విడిపోతూ ఉంటారు. కోలాటంలో ఒక జట్టు ప్రతి చుట్టుకీ ఒక దెబ్బ ముందుకి జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరికి ఇద్దరూ మళ్ళీ కలుస్తారు. ఆ కలిసే క్షణం కోసం నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి వింటాను.

ఇండోనేషియా గామెలాన్ సంగీతంలో ఒకరు వదిలిన ఖాళీలో ఇంకొకరు కొడతారు. ఈ ఆల్బమ్ మీద దాని ప్రభావం స్పష్టంగా ఉంది. చివరి ట్రాక్ పేరు కూడా 'డిసిప్లిన్'. అందులో సోలో అంటూ ఏదీ లేదు. గొప్ప గిటారిస్టులు ఇద్దరు ఉండి కూడా ఎవరూ ముందుకి తోసుకురారు.

ఇది విని ఇదేదో లెక్కల క్లాస్ అనుకోకండి. 'మాత్తె కుదసాయ్' అని ఒక మెల్లని పాట ఉంది. జపనీస్‌లో 'దయచేసి ఆగు' అని అర్థం. బెల్యూ గిటార్ సముద్రపు పక్షిలా అరుస్తుంది, గుండె బరువెక్కుతుంది. 'తెలా హన్ జింజీట్' అనే పాటలో మధ్యలో కంగారు పడుతున్న గొంతు వినిపిస్తుంది. అది బెల్యూదే. పాట కోసం టేప్ రికార్డర్ పట్టుకుని లండన్ వీధుల్లో తిరుగుతుంటే ఒక గుంపు అడ్డగించింది. వాళ్ళ నుంచి బయటపడితే పోలీసులు ఆపారు. వణుకుతూ స్టూడియోకి వచ్చి జరిగింది చెబుతుంటే ఫ్రిప్ ఆయనకి తెలియకుండా రికార్డు చేయించాడు. ఆ టెన్షన్ నటన కాదు.

అదే ఏడాది బ్రిటిష్ బ్యాండ్ జెనెసిస్ ఆల్బమ్ 'అబాకాబ్' కూడా వచ్చింది. బాగా అమ్ముడైంది. అందులో 'డోడో లర్కర్' ఒక్కటే నేను మళ్ళీ మళ్ళీ వినేది. మిగతావాటిలో ఆ బ్యాండ్ పాప్ వైపు మళ్ళిపోవడం తెలుస్తుంది.

చివరిగా 1981 జనవరిలో వచ్చిన, బ్రిటిష్ బ్యాండ్ క్యామెల్ ఆల్బమ్ 'న్యూడ్'. పేరు చూసి తొందరపడకండి, అది కథలో మనిషి పేరు. ఆ కథకి మూలం హిరో ఒనోడా అనే జపాన్ సైనికుడి జీవితం. 1944 చివర్లో ఆయన్ని ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవికి పంపారు. యుద్ధం ముగిసిందంటే ఆయన నమ్మలేదు. 1974లో పాత కమాండర్ స్వయంగా వెళ్ళి ఆదేశం ఉపసంహరించే దాకా అడవిలోనే ఉన్నాడు.

ఇంత పెద్ద కథని క్యామెల్ దాదాపు మాటలు లేకుండా చెప్పింది. పాడిన పాటలు కొన్నే. మిగతాదంతా వాయిద్యాలే, ముఖ్యంగా ఆండ్రూ లాటిమర్ గిటార్. ఇందులో క్రిమ్సన్ లాంటి లెక్కలు లేవు, అయినా నాకు ఈ ఏడాదిలో దీని చోటు దీనిదే. 'ల్యాండ్‌స్కేప్స్' అనే చిన్న ముక్కలో ఆ దీవి మీద తెల్లవారడం కనిపిస్తుంది. తర్వాత అతన్ని ఊరికి తీసుకొస్తారు, ఊరేగింపు చేస్తారు. చివర్లో పుట్టినరోజు కేకు పేరుతో ఒక్క చిన్న ముక్క, దాని వెనకే 'న్యూడ్స్ రిటర్న్'. గిటార్ మెల్లగా ఊరు వదిలి వెళ్తుంది. ఆ రెండు ముక్కల మధ్య వాల్యూమ్ తగ్గించకండి.