పువ్వొక్కటే చూసి పేరు పెట్టకండి

సభకు నమస్కారం. పెద్దలందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాలి గానీ, నాకిచ్చిన టైమ్ తక్కువ. నేరుగా మొక్క దగ్గరికే వస్తాను.

తెర మీద ఉన్నది మామిల్లేరియా గ్రహామీ అనే చిన్న కాక్టస్. అమెరికాలోని ఆరిజోనా, దానికి దిగువన ఉత్తర మెక్సికో దీని సొంత నేల. అక్కడి సోనోరన్ ఎడారికి జనం వెళ్లేది ఆకాశమంత సాగ్వారో కాక్టస్‌లను చూడటానికి. జానెడు ఎత్తున్న ఇది కాళ్ల దగ్గరే ఉన్నా కంటపడదు.

దీని ఒంటి నిండా బుడిపెలే. ఒక్కో బుడిపె కొన మీద సన్నటి తెల్లముళ్లు చుట్టూ పరుచుకుని ఉంటాయి. నడుమ నుంచి ముదురు రంగు ముల్లు ఒకటో రెండో పైకి లేచి, చివర గాలంలా వంగి ఉంటాయి. పువ్వు నడినెత్తిన రాదు, కాస్త కిందగా బుడిపెల సందుల్లోంచి వలయంగా పూస్తుంది. గులాబీ రేకులు, పసుపు పుప్పొడి, మధ్యలో ఆకుపచ్చటి కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన. ఆ ఆకుపచ్చను మర్చిపోకండి.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకు పోలేను. ఒక దుకాణంలో చిన్న కాక్టస్ నెత్తిన ఎండుపువ్వును వేడి జిగురుతో అంటించి అమ్ముతున్నారు. అడిగితే, ‘నెలల తరబడి వాడదండీ’ అని గొప్పగా చెప్పారు. ఎలా వాడుతుంది? అది ఎప్పుడో చచ్చిన పువ్వు! పైగా ఆ జిగురు పడేది మొక్క ఎదిగే మొన మీదే. మీలో ఎవరింట్లోనైనా అలాంటిది ఉందా? చేతులెత్తండి, మొహమాటం వద్దు. ఇంటికెళ్లి రేకు ముట్టుకుని చూడండి. కాగితంలా గరగరలాడితే అది అంటించిందే. అసలు పువ్వు మెత్తగా ఉంటుంది, కొద్ది రోజుల్లోనే ముడుచుకుపోతుంది.

ఇక చోటు. మన గ్రహామీ ఎక్కువగా మెస్కీట్, పాలో వెర్డే చెట్ల నీడన, రాళ్ల సందున మొలుస్తుంది. లేత మొలక నేరుగా ఆ ఎండకు తట్టుకోలేదు. వేసవి వానలు పడ్డాక కొద్ది రోజులకే పూస్తుంది. అందుకే పువ్వొక్కదాన్నే క్లోజప్‌లో తీసి ‘ఇదేంటి?’ అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ముల్లూ కనపడాలి, పక్కన పొదా కనపడాలి, ఏ నెలో తెలియాలి.

కానీ ఆ ఫొటో నలుగురికీ చూపేటప్పుడు కచ్చితమైన చోటు మాత్రం చెప్పకండి, దొంగలు తవ్వుకుపోతారు. 2020లో ఇటలీలో వెయ్యికి పైగా కాక్టస్‌లు పట్టుబడ్డాయి. చిలీలోని అటకామా ఎడారి నుంచి పెకిలించి తెచ్చినవవి. మరుసటి ఏడాది ఎనిమిది వందలకు పైగా వెనక్కి పంపారు, మిగతావాటిలో చాలా చచ్చిపోయాయి. దయచేసి తవ్వకండి, తవ్వినవాటిని కొనకండి. విత్తనంతో పెంచినదేనా అని అడిగి కొనండి.